నున్నగా పాడితే అమ్ముడుపోయినట్టేనా?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రాక్ బ్యాండ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. పొద్దున్న షాపులో చదివి కోపమొచ్చి మడిచి పడేశాను, రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోను లైటు వేసుకుని మళ్ళీ చదివాను, కోపం తగ్గలేదు, అందుకే ఈ ఉత్తరం. వ్యాసం రాసినాయన చాలా పాటలు విన్నవాడే, అది తెలుస్తూనే ఉంది. కానీ ఆయన తీర్పు ఒకటే. ఎవరి అండా లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని గరగరమంటూ వాయించుకునే బ్యాండు, కొన్నాళ్ళయ్యాక రేడియోలో వేసుకునేలా నున్నగా, తీయగా, మూడు నిమిషాల్లో అయిపోయే పాప్ పాట చేసిందంటే అది అమ్ముడుపోయినట్టే, ఇక వినక్కర్లేదు. ఇంత సులువుగా ఎలా తేల్చేస్తారండి? ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు, అమ్మిందేంటి, ఇవేమీ ఒక్క ముక్క కూడా లేవు అందులో.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. రావులపాలెం దగ్గర మైకు సెట్టు నడుపుతాను, 24 ఏళ్ళుగా ఇదే పని. పెళ్ళిళ్ళు, తీర్థాలు, సంబరాలు, ఎలక్షన్లప్పుడు అన్ని పార్టీల మీటింగులు. మా ఇళ్ళల్లో బ్యాండు అంటే ఎర్ర కోట్లు, ఇత్తడి బూరాలు, పెళ్ళికొడుకు కారు ముందు నడిచే మేళం. మా అక్క కొడుకు భీమవరంలో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతూ "మేం బ్యాండు పెడుతున్నాం" అని ఇంట్లో చెబితే మా బావ అడిగిన మొదటి ప్రశ్న, "మరి మూఢాల్లో పనేముంటుందిరా?" అని. వాడు నవ్వలేదు. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది.

వాళ్ళు సాధన చేసుకున్నది అంబాజీపేట వైపు ఒక పీచు మిల్లు షెడ్డులో. బావకి తెలిసినవాళ్ళది. సాయంత్రం ఆరింటికి మిల్లు కట్టేశాక తాళం వీళ్ళ చేతికిచ్చేవారు. మామూలుగా రేకుల షెడ్డులో డ్రమ్ము కొడితే బకెట్లో గులకరాళ్ళు వేసి ఊపినట్టుంటుంది, చెవులు పోతాయి. కానీ అక్కడ చుట్టూ పీచు బేళ్ళు మనిషి ఎత్తున పేర్చి ఉండేవి, ఓ మూల డొక్కల గుట్ట. ఆ పీచు చప్పుడంతా తాగేసేది. దెబ్బ పడ్డచోటే ఆగిపోయేది, పొడిగా, టక్ మని. స్టూడియోల వాళ్ళు గోడలకి స్పాంజి బిళ్ళలు అంటించి లక్షలు పోసేది దీనికోసమేనని నాకు ఆ షెడ్డులోనే అర్థమైంది. గిటారుకి పెట్టింది నా పాత ఊరేగింపు ఆంప్లిఫయర్. దాన్ని చివరిదాకా తిప్పేస్తే గొంతు చిట్లినట్టు ఒక గరుకు శబ్దం వచ్చేది, నేను రిపేరు చేస్తానంటే "వద్దు మావయ్యా, అదే కావాలి" అనేవాడు. 24 ఏళ్ళలో మైకు బాగోలేకపోతే బాగుందన్నవాణ్ణి వాణ్ణే చూశాను.

వాళ్ళ మొదటి పాట 7 నిమిషాలు. ఎండాకాలం కాలవలు కట్టేశాక అడుగున మడుగుల్లో మిగిలిపోయిన చేపల మీద. ఆ సంగతి నాకు మూడోసారి విన్నాక, అది కూడా అడిగితే తెలిసింది, ఎందుకంటే మాటలు గిటారు కింద ములిగిపోయాయి. మొదటి నిమిషం ఇరవై సెకన్లు డ్రమ్ములే, కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభలు లేచేటప్పుడు వినపడే దెబ్బలాంటిది. నాకు ఆ ముక్క బాగా నచ్చింది. ఫోనులోనే రికార్డు చేశారు. నాలుగో నిమిషంలో పాట కాస్త నెమ్మదించినచోట షెడ్డు రేకు మీద కొబ్బరికాయ పడింది, ధడేల్ మని. డ్రమ్ముల కుర్రాడు ఉలిక్కిపడి ఒక దెబ్బ తప్పాడు, మళ్ళీ అందుకున్నాడు. ఆ రికార్డింగు నా ఫోనులో ఇప్పటికీ ఉంది.

చదువులయ్యాయి, ఇద్దరికి హైదరాబాదులో ఉద్యోగాలొచ్చాయి. జీతాల్లోంచి పక్కన పెట్టిన డబ్బుతో అదే పాటని స్టూడియోలో చేయించారు. 3 నిమిషాల 10 సెకన్లు. ముందున్న డ్రమ్ములు 8 సెకన్లకి వచ్చాయి. మాటలు అద్దంలో చూసినట్టు వినపడుతున్నాయి, పల్లవి అరనిమిషం లోపే వచ్చేస్తోంది, గిటారుకి ఆ చిట్లిన గొంతు పోయి పక్కన కీబోర్డు మెరుస్తోంది. బేస్ గిటారు వాయించే కుర్రాడిది ముమ్మిడివరం వైపు, మంచి పిల్లాడు, మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాడు, అది విని "మన కాలవ పాటని సబ్బు యాడ్ చేశార్రా" అనేసి బ్యాండులోంచి వెళ్ళిపోయాడు. మీ వ్యాసం రాసినాయనా ఆ కుర్రాడూ ఒకే మాట అంటున్నారు. తేడా ఏంటంటే కుర్రాడికి ఆ పాట సొంతం, అనే హక్కుంది.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. పాట ఖాయం చేసేముందు స్టూడియోవాళ్ళు మొదటి మిక్సు, అంటే గొంతూ వాయిద్యాలూ కలిపి చూసిన పాట, పంపారు. పెద్ద హెడ్‌ఫోనులో విని వీళ్ళు పొంగిపోయారు. నేనన్నాను, ఇక్కడ కాదురా, ఆటోలో వినండి అని. కొత్తపేట నుంచి రావులపాలెం వచ్చే షేరింగ్ ఆటో ఎక్కాం, డ్రైవరు మా వీధివాడే, వెనక సీటు కింద రెండు చిన్న స్పీకర్లు. పాట పెట్టగానే మా వాడి మొహం పాలిపోయింది. బేస్ గిటారు అసలు లేదు. దాని అడుగు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 ఊపులు, ఆ అరచేతంత స్పీకరు ఆ లోతుకి దిగలేదు, దిగినా ఇంజను దడదడలో కలిసిపోతుంది. మిగిలినవి రెండే, గొంతు, పక్క డ్రమ్ము చప్పుడు. ఆ రెండిట్లో గొంతు ఒకచోట వినపడుతోంది, ఇంకోచోట గాలికి పోతోంది. ఎదురుగా అరటి గెల ఒళ్ళో పెట్టుకు కూర్చున్న ఒకావిడ "ఏం పాటమ్మా ఇది, మాట తెలీట్లేదు" అంది. మా వాడు ఆ రాత్రే ఫోను చేసి, బేసుకి కాస్త గరుకు కలపమన్నాడు, చిన్న స్పీకర్లో కూడా దాని పై స్వరాలైనా చెవినపడేలా. గొంతుని ముందుకి తెమ్మన్నాడు.

రేడియోకి తగ్గట్టు చేయడం అంటే సగం ఇదేనండి. దీన్ని మీరు వ్యాపారం అన్నారు, నా దృష్టిలో ఆటోలో కూర్చున్న అరటి గెలావిడకి మాట వినిపించడం. ఇందులో వాడే పరికరం పేరు కంప్రెసర్. డెల్టా వాళ్ళకి సులువుగా చెప్పాలంటే కాలవ మీద లాకు లాంటిది. పైనుంచి నీళ్ళు ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా లాకు అవతల మట్టం ఒకేలా నిలబడుతుంది కదా, అలా పాటలో బిగ్గరగా ఉన్నదాన్ని కాస్త అణిచి, మెల్లగా ఉన్నదాన్ని పైకి లేపి, మొత్తం ఒక మట్టానికి తెస్తుంది. పెళ్ళిలో పంతులుగారు మైకు దూరంగా పట్టుకుని గొణుగుతారు, పెళ్ళికూతురు మేనమామ మైకు మింగేస్తూ అరుస్తాడు, ఇద్దరినీ జనం భరించగలుగుతున్నారంటే నా మిక్సరులో ఆ లాకు ఉండబట్టే. మరీ బిగించేస్తే ఊపిరాడదు, అది వేరే గొడవ, దానికి తర్వాత వస్తాను.

ఇక అసలు బ్యాండ్ల సంగతి. మా మేనల్లుడి పుణ్యమాని నాకు తెలిసిన వాటిలో ఒకదాని పేరు పోర్చుగల్. ది మ్యాన్. అవును, పేరు మధ్యలో చుక్క ఉంటుంది, నేను పొరపాటు పడలేదు. అలాస్కాలో వసిల్లా అనే ఊళ్ళో మొదలైన కుర్రాళ్ళు, తర్వాత పోర్ట్‌లాండ్ చేరారు. మొదటి ఆల్బమ్ 2006లో. దాదాపు ఏడాదికొకటి చొప్పున వంకరటింకర రాక్ ఆల్బమ్‌లు చేసుకుంటూ, వ్యాను వేసుకుని ఊరూరా తిరిగారు. 2010లో అట్లాంటిక్ అనే పెద్ద పాటల కంపెనీతో సంతకం పెట్టారు. మీ వ్యాసం లెక్కన అమ్ముడుపోవాల్సింది ఆ రోజే. కానీ పెద్దగా ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే పాటలు అప్పటికింకా వంకరగానే ఉన్నాయి.

తర్వాత ఒక ఆల్బమ్ మీద ఏళ్ళ తరబడి కూర్చున్నారు, తేలలేదు. పాడే అతను జాన్ గోర్లీ ఇంటికెళ్తే వాళ్ళ నాన్న అడిగాడట, పాటలు రాసి బయటికి వదలడమే కదా బ్యాండు పని, ఇంతకాలం దేనికి అని. మా బావ మూఢాల ప్రశ్న గుర్తొచ్చింది నాకు. నాన్నలు ఎక్కడైనా నాన్నలే. అదే సమయంలో వాళ్ళ నాన్న 1969 ఉడ్‌స్టాక్ ఉత్సవం టికెట్టు ముక్క ఇంట్లో దొరికిందట. తిరిగొచ్చి చేసినదాన్ని చాలావరకు పక్కన పడేసి మళ్ళీ మొదలెట్టారు, ఆల్బమ్‌కి ఉడ్‌స్టాక్ అనే పేరు పెట్టారు. 2017లో అందులోంచి వచ్చిన 'ఫీల్ ఇట్ స్టిల్' అమెరికాలో మోగని చోటు లేదు. చిటికెలేసే లయ, నడిచే బేసు, సన్నగా తీసిన గొంతు, 3 నిమిషాల లోపే అయిపోతుంది. బిల్‌బోర్డ్ ఆల్టర్నేటివ్ జాబితాలో 20 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, అన్ని రకాల పాటలూ ఉండే పెద్ద జాబితాలో 4వ స్థానం దాకా ఎక్కింది, 2018లో గ్రామీ తెచ్చింది, అదీ రాక్‌కి కాదు, పాప్ విభాగంలో.

పాత అభిమానులు గోల పెడతారని వాళ్ళకి ముందే తెలుసు. అందుకే వాళ్ళే ఒక టీషర్టు అచ్చేసి అమ్మారు, "పోర్చుగల్. ది మ్యాన్ అమ్ముడుపోకముందు నాకు ఇష్టం" అని. మీ వ్యాసం చదివి ఆ టీషర్టు ఒకటి తెప్పించి మీ ఆఫీసుకి పంపుదామనుకున్నాను, కొరియరు ఖర్చు చూసి ఊరుకున్నాను.

ఆ పాటలో ఇంకో విశేషముంది. పల్లవి వరస 1961 నాటి 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్' నుంచి తీసుకున్నది, ఆ పాటవాళ్ళకి పేరు కూడా ఇచ్చారు. డెట్రాయిట్ పక్కన ఇంక్‌స్టర్‌లో స్కూలు పిల్లలుగా జట్టుకట్టిన మార్వలెట్స్ అనే అమ్మాయిలు పాడింది, మోటౌన్ అనే పాటల కంపెనీకి మొదటిసారి దేశం మొత్తంలో నంబర్ వన్ తెచ్చిపెట్టిన పాట. ఆ డెట్రాయిట్ కార్ల ఊరు. మోటౌన్ వాళ్ళు పాట విడుదలకి ముందు చిన్న కారు స్పీకర్లో వేసి చూసుకునేవాళ్ళట. మేం కొత్తపేట ఆటోలో చేసింది అదే! బీటిల్స్ ఆ పాట పాడారు, కార్పెంటర్స్ పాడి 1975లో మళ్ళీ నంబర్ వన్ చేశారు. ఇన్ని చేతులు మారినా అరగని వరసని అలాస్కా కుర్రాళ్ళు తీసుకుంటే తక్కువైందా?

అలాగని రేడియోకి ఒకటే సూత్రం ఉందనీ అనుకోకండి. ఆర్.ఇ.ఎం. అని జార్జియాలో ఏథెన్స్ ఊరి బ్యాండు, 1980లో పుట్టింది, మాటలు నమిలి పాడటానికి పేరు. 1988లో వార్నర్ కంపెనీకి వెళ్ళింది. 1991లో వాళ్ళకి అన్నిటికంటే పెద్ద హిట్టు ఇచ్చింది మాండొలిన్ మీద కట్టిన పాట. గిటారిస్టు పీటర్ బక్ అప్పుడప్పుడే మాండొలిన్ నేర్చుకుంటూ టీవీ ముందు కూర్చుని గోకుతుంటే పడిన వరస అది. మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ చేతిలో మాండొలిన్ విన్న చెవులకి అది చిన్నపిల్లల వాయిద్యంలా ఉంటుంది, ఆ సంగతి వదిలేయండి. రేడియోవాళ్ళు వేశారు, జనం విన్నారు, అదీ 4వ స్థానం దాకా వెళ్ళింది. రేడియో కోసమని మాండొలిన్ పెట్టమని ఏ వ్యాపారి సలహా ఇచ్చుంటాడు?

విమర్శకుల మాట కూడా చెప్పుకోవాలి కదా, ఉత్తరం మీకు రాస్తున్నాను కాబట్టి. లిజ్ ఫేర్ అనే ఆవిడ 1993లో గరుకు గరుకుగా ఒక ఆల్బమ్ చేస్తే నెత్తిన పెట్టుకున్నారు. 2003లో ఆవిడే పాప్ పాటలు రాసిపెట్టే బృందంతో కలిసి నున్నటి ఆల్బమ్ చేసింది. పిచ్‌ఫోర్క్ పత్రిక 10కి ఎన్ని మార్కులేసిందో తెలుసా? 0.0. సున్నా పక్కన చుక్క, మళ్ళీ సున్నా. ఆ సమీక్ష రాసినాయన 2019లో ఆవిడకి బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. 2021లో అదే పత్రిక ఆ మార్కుల్ని 6.0కి దిద్దింది. పదహారేళ్ళూ పద్దెనిమిదేళ్ళూ పట్టింది. మీ వ్యాసకర్త అంతకాలం తీసుకోకూడదని నా కోరిక.

ఇంకో సంగతి, 'రేడియో పాట' అనే మాటని మీరు తిట్టులా వాడారు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి అది తిట్టెలా అవుతుందండి? నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు విజయవాడ రేడియోలో భక్తిరంజని పెట్టించి ఎన్ని ఇళ్ళని నిద్రలేపారు! మా అమ్మ పాలు కాస్తూ దానితోపాటు పాడేది, పాలు పొంగేది పాటలో ఎక్కడో ఆవిడకి లెక్క. పిఠాపురం వైపు కృష్ణశాస్త్రి గారు భావకవిత్వానికి గురువు, గిరజాల జుట్టేసుకుని ఊళ్ళు తిరిగి పద్యాలు చదివిన మనిషి, ఇప్పటి లెక్కలో పక్కా ఇండీ, అంటే ఎవరి అండా లేకుండా సొంతంగా పాడుకునేవాడు. 1951లో 'మల్లీశ్వరి'కి పాటలు రాశారు. సాలూరి రాజేశ్వరరావు గారి చేతిలో పడి అవి ఎంత నున్నగా వచ్చాయో చెప్పక్కర్లేదు. కృష్ణశాస్త్రి అమ్ముడుపోయాడని ఎవరైనా అన్నారేమో గానీ, అన్నవాళ్ళ పేర్లు మనకి గుర్తులేవు.

అంతకుముందు పద్యనాటకాలు తీసుకోండి. మా తాత చెప్పేవాడు, తిరణాలలో నటుడు రాగం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అంటూనే ఉండేవారని, ఒక్క పద్యం తెల్లారేదాకా నడిచేదని. గ్రామఫోను వచ్చాక ఆ పద్యం 3 నిమిషాలు, పళ్ళెంలో ఒక పక్క పట్టేది అంతే. రాగాలు తెగ్గోశారు. మరి రాగం చచ్చిపోయిందా? ఆ పళ్ళెం వల్లే కదా నాటకం చూడని ఊళ్ళోవాళ్ళు కూడా ఆ పద్యం పాడుకున్నారు. నా వృత్తినే చూడండి, మైకు లేనప్పుడు చివరి వరసదాకా వినపడాలని బొబ్బలు పెట్టి పాడాల్సిందే. మైకొచ్చాక మెల్లగా పాడొచ్చు, చెవిలో చెప్పినట్టు. అప్పుడు కూడా పెద్దవాళ్ళు ఇదేం పాటరా అని విసుక్కున్నారట.

మన దగ్గర ఇంకో చిక్కుంది, దాన్ని మీ వ్యాసం తాకనే లేదు. అక్కడ రేడియో ఉంది, మనకి సినిమా ఉంది. తెలుగులో బ్యాండు పెట్టుకుని సొంత పాట పాడేవాడు పదిమంది చెవిన పడాలంటే దారి సినిమా మీదుగానే. చౌరస్తా బ్యాండులో పాడిన రామ్ మిరియాల 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడారు, 2021లో. ఆ మరుసటేడు 'డీజే టిల్లు' టైటిల్ పాట. ఆ సీజన్లో నేను చేసిన ప్రతి పెళ్ళిలోనూ ఆ రెండూ కనీసం మూడుసార్లు వేయించారు, నాకు కలలోకి కూడా వచ్చాయి. కానీ చెవి పెట్టి వినండి, ఆ గొంతులో యాస, ఆ లాగుడు, బ్యాండులో ఉన్నప్పటిదే. మేళం మారింది, మనిషి మారలేదు. నేను చూసేది అదొక్కటే. పాట ఎంత నున్నగా చేసినా పాడేది ఎవరో తెలుస్తోందా లేదా.

తెలియకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి, నేను కాదనను. మెరూన్ 5 అనే బ్యాండు ముందు కారాస్ ఫ్లవర్స్ పేరుతో గిటార్లు వాయించేవారు. తర్వాత తర్వాత వాళ్ళ పాటల్లో నాకైతే ఒక గొంతు తప్ప మిగతా మనుషులెవరూ వినపడరు. అది నా చెవి, మీ చెవి వేరే కావచ్చు.

వ్యాసంలో నేను ఒప్పుకునే మాట ఇక్కడుంది. భీమవరం చుట్టుపక్కల వరి చేలు చెరువులైనప్పుడు ఎవరైనా రైతుని అమ్ముడుపోయావన్నారా? అనలేదు. బాగుపడ్డాడన్నారు. చేపలు పోయి రొయ్యలొచ్చాయి, ఆపైన వనామి రకం రొయ్య వచ్చింది, మేడలు లేచాయి. ఆ రైతుని నేనేమీ అనను, పిల్లల్ని చదివించుకున్నాడు. కానీ చెరువు గట్టు పక్కన వరి చేను మిగిలినవాణ్ణి అడగండి. ఉప్పు ఊరి నారు ఎర్రబడుతుంది, ఏమీ చెయ్యలేక చివరికి వాడూ చెరువే తవ్వుతాడు. పాటల్లో కూడా ఇదే జరుగుతోంది. ఒక బ్యాండు నున్నగా పాడితే నాకు ఆనందమే, అందరూ నున్నగా పాడాల్సిందే అన్నప్పుడు గరుకుగా పాడేవాడికి చోటు ఉప్పుబారిపోతోంది. ఇందాక లాకుని బిగించేయడం అన్నాను చూడండి, అదీ ఇలాంటిదే. ఇప్పుడొచ్చే పాటలు చాలావాటికి మెల్లగా ఉండే చోటే లేదు, మొదటి నుంచి చివరిదాకా ఒకటే మట్టం, ఒకటే హోరు. పెళ్ళిళ్ళలో వరసగా పది పాటలేస్తే పదకొండోదానికి ముసలాళ్ళు లేచి బయటికెళ్ళిపోతారు, ఎందుకో వాళ్ళకీ తెలీదు. చెవికి విశ్రాంతి లేదండి, అంతే.

కాబట్టి ముమ్మిడివరం కుర్రాడిది తప్పని నేననను. వాడు ఇప్పుడు ఇంకో ముగ్గురితో కలిసి గట్టిగా, ఇంకా గరుకుగా వాయిస్తున్నాడు, నా ఆంప్లిఫయర్ అడిగి తీసుకెళ్ళాడు. అద్దె తీసుకోలేదు. మా వాడి పాట ఫోనుల్లో తిరుగుతోంది, మా అక్క దాన్ని రింగ్‌టోనుగా పెట్టుకుంది, బావకి మాటలు కంఠతా వచ్చేశాయి. ఏడు నిమిషాల పాట ఉన్నన్నాళ్ళూ అది చేపల గురించి అని ఆయనకి తెలీదు. ఇప్పుడు తెలిసి, "కాలవ కట్టేశాక చేపల గురించి పాటేంట్రా, మేం చిన్నప్పుడు తువ్వాళ్ళతో పట్టుకునేవాళ్ళం" అని ఒక సాయంత్రం కూర్చుని గంటసేపు చెప్పాడు. మా వాడు ఫోనులో రాసుకున్నాడు అదంతా.

మీ వ్యాసకర్తకి నాది ఒక చిన్న మనవి. స్టూడియో పాటని ఒకసారి ఆటోలో వినమనండి, ఒకసారి మంచి హెడ్‌ఫోను పెట్టుకుని వినమనండి. రెండోసారి 2 నిమిషాల 5 సెకన్ల దగ్గర, కీబోర్డు ఆగి గొంతు ఒక్కటే ఉన్నచోట, అడుగున దూరంగా ఒక ధడేల్ మనే చప్పుడు ఉంటుంది. స్టూడియోవాళ్ళు అదేదో తప్పు శబ్దమని రెండుసార్లు తీసేశారట. మా వాడు రెండుసార్లూ మళ్ళీ పెట్టించాడు.

ఇట్లు,
ఒక మైకు సెట్టువాడు,
రావులపాలెం దగ్గర, కోనసీమ.